ఏడో తరగతి తెలుగు: ఇంటిపని, ఏడాది చివరి ప్రాజెక్టు గైడులో దొరకకుండా ఇచ్చేదెట్ల?

జమ్మలమడుగు_టీచర్

కడప జిల్లా ఉన్నత పాఠశాల, ఏడో తరగతి, 42 మంది. మిగతా సబ్జెక్టులన్నీ ఇంగ్లీషు మీడియం కాబట్టి పిల్లలు తెలుగులో రాసేది నా పీరియడులోనే. ఇంటిపని ఇస్తే 42 నోటుబుక్కుల్లోనూ ఒకే జవాబు, గైడులో పడిన అచ్చుతప్పుతో సహా. ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్లో తీయించిన గండికోట రంగు బొమ్మ, చుట్టూ మెరుపు కాగితం, కింద ఎవరో రాసిన నాలుగు పేరాలు.

నాకు కావాల్సినవి: (1) ఏడాది చివర అందరూ సొంతంగా చెయ్యగలిగిన ప్రాజెక్టు ఒకటి, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్ని మెట్లుగా చెయ్యాలో వివరంగా. (2) రోజువారీ ఇంటిపని ఎంత ఇవ్వాలి, దిద్దడం ఎట్ల. (3) మార్కులు ఎట్ల పంచాలి. ఖర్చు తక్కువలో ఉండాలి. ఇంట్లో ఫోన్ లేని పిల్లలు కూడా ఉన్నారు.

పత్తికొండ_తెలుగు_సార్

ఒకే జవాబున్న ప్రశ్న ఇస్తే 42 సార్లు ఆ ఒక్కటే వస్తుంది మేడమ్. జవాబు వాళ్ల ఇంట్లోనో వీధిలోనో ఉండే పని ఇవ్వండి. ప్రాజెక్టుకు నా సలహా: తరగతి నిఘంటువు. వాళ్ల ఊరి మాటలతో వాళ్లే తయారుచేసే చిన్న పుస్తకం.

మొదలు సంక్రాంతి సెలవులు అయిపోయినాక. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు వస్తాయి, ఏప్రిల్‌లో ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్ష). మార్చిలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అలంకారం కిందనే మిగిలిపోతుంది, ఎందుకంటే అప్పటికి పిల్లలకు టైము లేదు, మనకూ లేదు. ఆరు వారాలు పెట్టుకోండి.

మొదటి వారం అంశాలు పంచాలి. పంచకుండా "ఇంట్లో మాటలు తెండి" అంటే అందరూ సంగటి, ఉగ్గాని, తెడ్డు రాసుకొస్తారు. 42 మందిని ఆరుగురు చొప్పున ఏడు జట్లు చెయ్యండి: వంటిల్లు, సేద్యం, గొర్లు-ఎనుములు, పిల్లల ఆటలు, ఇల్లు కట్టుబడి, వాన-నేల, చేతిపని. చేతిపని అంటే మీ పక్క మగ్గం ఉంటుంది, బండల పని ఉంటుంది, ఏది దగ్గరుంటే అది. నాడె, పడుగు, పేక, కండె లాంటి మాటలు మగ్గమున్న ఇంటి పిల్లోడికి రోజూ వినపడేవే, పక్క బెంచీవాడికి మాత్రం కొత్త.

కార్డు అంటే ఏ4 కాగితం నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క. మనిషికి 15 కార్డులు. అంటే నాలుగు కాగితాలు, తరగతికి 168. పాడైపోయేవి కలుపుకొని 200 కాగితాలు చాలు. కార్డు మీద ఐదు గీతలు కొట్టించండి:

పదం: గుంటక
ఏం పనికి, ఎప్పుడు: వాన పడి పదును ఉన్నప్పుడు ఎద్దులు కట్టి పైపైన నేల గుల్ల చేసి, కలుపు కొయ్యడానికి
చెప్పినవారు: తాత
ఊరు: (వాళ్ల ఊరు)
వాక్యం: వాన పడి రెండు దినాలైనాక తాత చేన్లో గుంటక తోలినాడు.

రెండో గీత మీదే ప్రాజెక్టు అంతా నిలబడి ఉంది. పిల్లలు అక్కడ "వ్యవసాయ పనిముట్టు" అని రాసి ఊరుకుంటారు. అది అర్థం కాదు, జాతి పేరు. గుంటకకూ గొర్రుకూ మేడికీ అదే సరిపోతుంది కదా. ఏం పనికి, ఎప్పుడు, దేనితో అని మూడు ప్రశ్నలు బోర్డు మీద ఆరు వారాలూ అట్లే ఉంచండి.

చెప్పినవారి దగ్గర వరస మాత్రమే: అవ్వ, జేజి, మేనమామ, పక్కింటి పెద్దాయన. పేరు రాయించొద్దు. నోటితో అడిగి తెచ్చే మాటలు కాబట్టి ఫోన్ లేకపోయినా లోటు లేదు.

రెండు, మూడు, నాలుగు వారాల్లో వారానికి ఐదు కార్డులు. శుక్రవారం తీసుకొని శనివారం వెనక్కి ఇవ్వాలి. పదిహేనూ చివర్లో ఒకేసారి అడిగితే ముందురోజు రాత్రి ఒకే చేతిరాతలో, ఒకే పెన్నుతో, సాధారణంగా వాళ్ల అక్క చేతిరాతలో వస్తాయి. ఐదో వారం ఒకే పదం రెండుసార్లు వచ్చినవి ఏరెయ్యడం, వరసలో పెట్టడం. ఆరో వారం శుద్ధప్రతి, ఒక్కొక్కరు ఒక నిమిషం మాట్లాడటం.

630 కార్డుల్లో సగానికి సగం రిపీట్ అయినా 300 పదాలు మిగులుతాయి. రిపీట్ అయిన కార్డులు పారెయ్యొద్దు. ఒకే పదానికి రెండు ఊర్లలో రెండు అర్థాలు వస్తే రెండూ ఉంచండి. వేరుశనగను మా కర్నూలు పక్క బుడ్డలు అంటారు, అనంతపురం పక్క చెనిక్కాయలు అంటారు. అట్లాంటివి వచ్చినప్పుడు పిల్లలు వాదులాడుకోవడమే మంచి పీరియడు.

ఒక హెచ్చరిక. తిట్లు తప్పకుండా వస్తాయి. ముసలోళ్లు ముద్దుగా తిట్టేవి వస్తే నవ్వి చేర్చుకోవచ్చు. కులం పేరుతోనో, ఒంటి లోపం పేరుతోనో కించపరిచే మాట వస్తే ఆ కార్డు పక్కన పెట్టి, ఆ పిల్లోడితో విడిగా మాట్లాడండి, తరగతి ముందర వద్దు.

అనంత_పంతులమ్మ

ప్రాజెక్టు సంగతి సార్ చెప్పేశారు, నేను ఇంటిపని గురించి.

ఏడో తరగతిలో ఆరు సబ్జెక్టులు. తలా 20 నిమిషాల పని ఇచ్చినా రెండు గంటలు. కాబట్టి తెలుగుకు 20 నిమిషాలకు మించి ఇవ్వొద్దు. 20 నిమిషాల్లో ఏడో తరగతి పిల్లలు ఆలోచించి రాయగలిగింది అరపేజీ. చూసి రాసేదైతే రెండు పేజీలు రాస్తారు. రెండు పేజీలు కనపడితే తల్లిదండ్రులకు తృప్తి, అందుకే చాలామంది చూచిరాత ఇస్తుంటారు.

దిద్దడం: ఒక్క బుక్కుకు మూడు నిమిషాలైనా 42కు రెండు గంటల పైన. రోజూ ఎవరివల్లా కాదు. రోజుకు 14 బుక్కులు తీసుకోండి, ఒక పీరియడంత సేపు. ఆరు పనిదినాల్లో ప్రతి పుస్తకం రెండుసార్లు మీ చేతికి వస్తుంది. ఏ రోజు ఎవరి వంతో పిల్లలకు తెలియకూడదు. ఇక ప్రతి తప్పుకూ ఎర్రగీత పెట్టొద్దు. ఈ వారం ఒత్తులు, వచ్చే వారం శ-ష-స, ఆ పైవారం దీర్ఘాలు. ఎర్రగీతలు ఇరవై ఉంటే పిల్లోడు ఒక్కటీ చూడడు. నాలుగుంటే చూస్తాడు.

నోటుబుక్కు చివరి నాలుగు పేజీలు తప్పుల పేజీలు. ఎడమ పక్క తాను రాసింది, కుడి పక్క సరైనది. శనివారం పక్కపక్కన కూర్చున్నవాళ్లు బుక్కులు మార్చుకొని ఒకరికొకరు పది పదాలు ఉక్తలేఖనం చెప్పుకోవాలి, ఎవరి తప్పుల నుంచి వాళ్లకే. మూడుసార్లు వరసగా సరిగా రాస్తే ఆ పదం కొట్టెయ్యొచ్చు. మన పక్క ఎక్కువ కనపడేవి: విద్యార్థి (థ బదులు ధ పెడతారు, ఫ్లెక్సీల మీద కూడా అట్లే ఉంటుంది కాబట్టి), భాష (బాష), కృషి (క్రుషి), ధన్యవాదాలు (దన్యవాదాలు), ఆంధ్ర (ఆంద్ర). అర్థం, అర్ధం రెండూ ఉన్నాయి, రెండోది సగం. దీన్ని విడిగా చెప్పాల్సిందే.

వ్యాకరణం ఇంటిపనికి "పది సంధులు విడదీయండి" ఇస్తే గైడే. బడికొచ్చే దారిలో కనపడే బోర్డుల నుంచి సంధి పదాలు తెమ్మనండి, ఎక్కడ కనపడిందో రాయమనండి. సచివాలయం, గ్రంథాలయం, కార్యాలయం, జిల్లా విద్యాశాఖాధికారి. అన్నీ సవర్ణదీర్ఘమే వస్తాయి, అదే ఇక్కడ ఇబ్బంది. గుణసంధికి గుడి దగ్గర చూడమనాలి: బ్రహ్మోత్సవాలు, మహోత్సవం, గణేశోత్సవం. ఆసుపత్రి ముందు అత్యవసర విభాగం అని ఉంటుంది, యణాదేశం ఇంకా చెప్పకపోతే రాసి దాచిపెట్టుకోమనండి. ఒకడు తప్పకుండా పంచాయతీని "పంచ + ఆయతీ" అని విడదీసుకొస్తాడు. కొట్టెయ్యకుండా బోర్డు మీద పెట్టి, విడదీసినాక రెండు ముక్కలకూ అర్థం ఉండాలి అనే నియమం అక్కడే చెప్పండి.

అకారసంధికి బోర్డులు కూడా అక్కర్లేదు. సీతమ్మ, రామన్న, సుబ్బయ్య, వెంకటప్ప, మేనత్త. ఇంట్లో, వీధిలో అట్లాంటి పేర్లు ఐదు పట్టుకొచ్చి విడదీయమనండి. రాజన్న వస్తే ఆపి అడగండి, అది రాజు + అన్న, ఉకారసంధి. పక్కపక్కనే పెడితే తేడా వాళ్లకే తెలుస్తుంది.

ఈ మధ్య ఫోన్‌ను అడిగి రాసుకొచ్చేవి ఎక్కువైనాయి. గుర్తుపట్టడం కష్టం కాదు: ఏడో తరగతి పిల్లోడు "కీలక పాత్ర పోషిస్తుంది" అని రాయడు. గొడవ పడకుండా, రాసినదాంట్లోంచి ఒక మాట చూపించి దీనికి ఇంకో వాక్యం చెప్పమనండి. చెప్పలేకపోతే మార్కు లేదు, అంతే.

ప్రొద్దుటూరు_ట్యూషన్

సార్, మేడమ్, అన్నీ బాగున్నాయి కానీ ఒక మాట. పిల్లలు ఇప్పటికే పరీక్ష పేపర్లో "పోతాండాడు", "యాడికి" అని రాస్తున్నారు. ఇప్పుడు మాండలికమే ప్రాజెక్టు చేసి, దానికి మార్కులు కూడా ఇస్తే పదో తరగతికి వచ్చేసరికి నష్టపోయేది పిల్లలే. దిద్దేవాళ్లు వేరే జిల్లా వాళ్లయితే ఇంకా కష్టం.

పత్తికొండ_తెలుగు_సార్

భయం నిజమే అన్నా, కొట్టిపారెయ్యను. కాకపోతే పిల్లోడు పేపర్లో "పోతాండాడు" రాసేది అది మాండలికమని తెలియక. రెండు రూపాలూ ఎదురెదురుగా రాసినవాడికి తెలుస్తుంది. మూడో వారం ఇంటిపనిగా రెండు వరసలు ఇవ్వండి: ఎడమ పక్క ఇంట్లో విన్న వాక్యం విన్నట్టే, కుడి పక్క అదే వాక్యం బడిపుస్తకం రూపంలో. రోజుకు ఐదు వాక్యాలు, నాలుగు రోజులు. పోతాండాడు – పోతున్నాడు, వచ్చినాడు – వచ్చాడు, యాడికి – ఎక్కడికి. పరీక్షలో రాసేది కుడి వరస అని స్పష్టంగా చెప్పాలి.

కార్డు మీద కూడా నియమం ఉంది. పదం విన్నట్టే రాస్తారు, దాని స్పెల్లింగుకు మార్కు కొయ్యం. వాక్యంలో ఆ పదం, సంభాషణగా పెట్టిన మాటలు తప్ప మిగతావి దిద్దుతాం. ఒక పదాన్ని ఒకరు చెనిక్కాయ, ఇంకొకరు సెనిక్కాయ రాస్తే రెండూ ఉంచి, ఊరి పేరు పక్కన పెట్టండి.

మార్కులు: మీ బడిలో ప్రాజెక్టుకు పది ఉన్నాయనుకుంటే, వారం వారం ఐదేసి కార్డులు టైముకు తెచ్చినందుకు 3 (వారానికి ఒకటి), సొంత మాటల్లో అర్థానికి 3, వాక్యానికి 2, మాట్లాడినదానికి 2. అలంకారానికి సున్న. ఇది మొదటిరోజే చెప్పాలి, లేకపోతే మెరుపు కాగితానికి డబ్బులు పెట్టినవాళ్లు చివర్లో బాధపడతారు.

మాట్లాడేటప్పుడు కార్డుల కట్టలోంచి మీరే ఒకటి తియ్యండి, వాడు ఎంచుకోకూడదు. చూడకుండా ఆ వస్తువు ఏం పనికో చెప్పాలి. ఒక నిమిషం అంటే 42 మందికి ఒక పీరియడు అనిపిస్తుంది, లేచి రావడం పోవడంతో రెండు పడతాయి. మాట్లాడలేక బిగుసుకుపోయేవాళ్లుంటే వాళ్ల జట్టు ఆరుగురి ముందరే చెప్పనివ్వండి, మార్కు అదే.

ఎస్‌ఏ-2కు ఇదంతా వేరే పని కాదు. సృజనాత్మకత కింద అడిగేవి లేఖ, సంభాషణ, కరపత్రం, ఆహ్వానపత్రం, ఇంటర్వ్యూ ప్రశ్నలే కదా. ఆరో వారంలో ఒక్కో జట్టు ఒక్కటి: ఆటల జట్టు పాత ఆట నేర్పుతూ తమ్ముడికి లేఖ, సేద్యం జట్టు తాతకు వేసే ఎనిమిది ప్రశ్నలు, ఇంకో జట్టు నిఘంటువు ఆవిష్కరణకు ఆహ్వానపత్రం. ఆహ్వానపత్రంలో తేదీ, సమయం, స్థలం, పిలిచేవారు, ఈ నాలుగింట్లో ఒకటి మర్చిపోతారు, ఎక్కువగా సమయం.

ఆదోని_అక్క

మా పక్క ఇంకో చిక్కు ఉంది, మీకు కొందరికైనా పనికొస్తుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం పక్క పిల్లలు తల్లిదండ్రులతో కలిసి సుగ్గికి, అంటే కోత పనుల వలసకు పోతారు, ఎక్కువగా గుంటూరు పక్క మిరప కోతకు. సంక్రాంతి తర్వాత ప్రాజెక్టు మొదలుపెడితే ఆ పిల్లలు తరగతిలోనే ఉండరు. వచ్చినాక "చెయ్యలేదు" అని సున్న వెయ్యడం అన్యాయం.

అట్లాంటి ఇండ్లు మీ తరగతిలో ఉంటే నవంబరులోనే ఆ పిల్లలకు ఖాళీ కార్డులు 15, ఒక పెన్ను కవర్లో పెట్టి ఇచ్చెయ్యండి. అంశం మిరప చేను. కోతకు, ఆరబెట్టడానికి, బస్తాలకు అక్కడివాళ్లు ఏ మాటలంటారు, మనమేమంటాం. తరగతిలో మిగతావాళ్లెవరూ తేలేని కార్డులు అవి. పదిహేనుకు బదులు ఐదు కార్డులొచ్చినా పది మార్కులకు లెక్క కట్టండి. కవరు పోగొట్టుకొని వచ్చినా ఒప్పుకోండి, ఒంటిపూట బడిలో కూర్చోబెట్టి నోటితో చెప్పించి పక్కవాడితో రాయించొచ్చు.

సీజనల్ హాస్టల్లో (తల్లిదండ్రులు వలస పోయినప్పుడు పిల్లలను ఉంచే చోటు) ఉండే పిల్లలకు అవ్వాతాతలు దగ్గర ఉండరు. వాళ్లకు వంట చేసే ఆమె, వాచ్‌మన్ ఉంటారు. వంటిల్లు జట్టులో వెయ్యండి.

కన్నడం, ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలు మాది తెలుగు కాదు అని వెనక్కి పోతారు. వాళ్ల మాట తెలుగు లిపిలో రాసి, పక్కన "ఉర్దూ" అనో "కన్నడం" అనో చిన్నగా రాయించండి. అంతకన్నా ఏమీ మార్చొద్దు.

జమ్మలమడుగు_టీచర్

అందరికీ నమస్కారాలు. కార్డులు సరే. 300 పదాలు వరసలో పెట్టించడం ఎట్ల? మా వాళ్లకు అక్షరమాల పాడటం వచ్చు కానీ నిఘంటువులో పదం వెతకడం రాదు. తర్వాత ఆ పుస్తకాన్ని ఏం చెయ్యాలి?

కడప_గ్రంథాలయం_పక్క

మేడమ్, వరస పెట్టడం రెండు పీరియడ్ల పని, నియమాలు ముందే గోడకు అంటిస్తే. పిల్లలు ఆగిపోయేది నాలుగు చోట్ల.

సున్న ఉన్న పదం: "అం"తో మొదలయ్యేవి "అక" కంటే ముందు. అంబలి ముందు, అటుకులు తర్వాత. ప్రతి అక్షరానికీ ఇదే పద్ధతి. గుణింతం: క తో పదాలన్నీ అయినాక కా, తర్వాత కి, కీ, అట్ల కౌ దాకా. ఒత్తుతో మొదలయ్యేవి ఆ అక్షరం గుణింతమంతా అయినాక. క్ష: వర్ణమాలలో చివర పాడతారు కాబట్టి చివర వెతుకుతారు, క కిందనే పెట్టాలి. అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం రెండో అక్షరం దగ్గర. గంప, గడ్డపార, గరిటె మూడూ గ అని ఒక కుప్పలో వేసి వదిలేస్తారు. కుప్పలు వేసినాక ప్రతి కుప్పనూ ఒక జట్టుకిచ్చి రెండో అక్షరంతో మళ్లీ పేర్చమనండి.

నేల మీద చెయ్యండి, వరండా మేలు. బెంచీల మీద కార్డులు చాలవు. ఫ్యాను ఆపాలి, లేకపోతే పేర్చిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. అక్షరానికి ఒక రబ్బరు బ్యాండు.

మీరు కడప జిల్లాలోనే ఉన్నారు కాబట్టి, వీలైతే ఐదో వారానికి ముందు పిల్లలను కడప ఎర్రముక్కపల్లెలో ఉన్న సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకురండి. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినాడు, ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. పిల్లలకు చరిత్ర ఉపన్యాసం అక్కర్లేదు. ఆ నిఘంటువు ఒక పేజీ చూపించి, ఒక్కో పదం కింద ఏమేం ఉన్నాయో లెక్కపెట్టమనండి. తమ కార్డు మీది ఐదు గీతల్లో ఏవి అక్కడ ఉన్నాయి, ఏవి లేవు అని పట్టిక రాసుకోవాలి. ఉర్దూ మాటల గురించి అక్క చెప్పింది కదా, బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు విడిగా ఇంకో నిఘంటువే వేసినాడు. అది చెబితే ఉర్దూ ఇండ్ల పిల్లలు కార్డులు దాచుకోరు. రాలేకపోతే బడి గ్రంథాలయంలో ఏ నిఘంటువైనా సరే, ఒక పేజీ జిరాక్సు తీసి జట్టుకొకటి ఇవ్వండి.

శుద్ధప్రతి: పేజీకి పది పదాలు. 300 పదాలకు 30 పేజీలు, రెండు పక్కలా అయితే 15 కాగితాలు. మంచి చేతిరాత ఉన్న ఇద్దరికే అప్పగించొద్దు, అందరూ తలా ఏడెనిమిది పదాలు రాయాలి. నీలం పెన్ను జిరాక్సులో పలచబడుతుంది, నల్ల పెన్ను వాడండి. కుట్టే పక్క ఒక అంగుళం ఖాళీ వదలకపోతే మొదటి అక్షరాలు లోపలికి పోతాయి. గమ్ముతో అంటించే బైండింగు ఎండకు ఊడిపోతుంది, దారంతో మూడు చోట్ల కుట్టించండి.

ప్రతులు మూడు చాలు: బడి గ్రంథాలయానికి ఒకటి, తరగతికి ఒకటి, ఊర్లోకి తీసుకుపోయి పెద్దవాళ్లకు చదివి వినిపించడానికి ఒకటి. ఆ మూడోదాంట్లో ప్రతి పేజీకీ కుడి పక్క ఖాళీ వదలండి. అవ్వాతాతలు "ఇది ఇట్ల కాదు" అని దిద్దుతారు, ఆ దిద్దుబాట్లు అక్కడ రాయాలి.

జూన్‌లో వచ్చే కొత్త ఏడో తరగతికి కూడా ఇదే పని ఇస్తే పాత పుస్తకం చూసి రాస్తారు కదా అంటారేమో. పాత ప్రతిలో ఉన్న పదం కార్డుగా చెల్లదు అని నియమం పెట్టండి. అప్పుడు ఒక్కో పదం ఉందో లేదో చూసుకోవడానికైనా ముందు ఆ నిఘంటువు తెరిచి వెతకాల్సి వస్తుంది.